ఎడమ పక్క సీటు

లోకంలో బండి నడిపే ప్రతివాడూ బండి ఆగకూడదని దేవుడికి మొక్కుకుంటాడు. ఓబులేసు మాత్రం ఆ రోజు పొద్దున్నుంచీ ఆగమని మొక్కుతున్నాడు.

"ఆగు తల్లీ. ఒక్కసారి ఆగు. నీకు దండం పెడతా."

అది ఆగితేనా! పాత పెట్రోలు వ్యాను. రంగు వెలిసిపోయింది, తలుపులు గలగలమంటున్నాయి. అయినా బుద్ధిమంతురాలిలా నల్లమల ఘాటు రోడ్డు మొదలు దాకా పోయింది, మళ్ళీ ఆత్మకూరు దాకా వచ్చింది. ఒక దగ్గు లేదు, ఒక తుమ్ము లేదు. ఎడమ పక్క సీట్లో పడేసిన, వైర్లలో కరెంటు ఉందో లేదో చూసే టెస్టరు బల్బు గుంతలు వచ్చినప్పుడల్లా ఎగిరెగిరి పడుతోంది. అంతకుమించి ఆ బండిలో ఓబులేసుకు తోడు ఎవరూ లేరు.

ఓబులేసు బండ్ల కరెంటు పని చేస్తాడు. బైపాసు పక్కన రేకుల షెడ్డు, షెడ్డు మీద తన పేరుతో బోర్డు, షెడ్డు వెనక ఒక మంచం. అమ్మ పోయినప్పటి నుంచి ఆ మంచమే ఇల్లు. సంబంధాలు చూసిపెట్టే దిక్కు లేక పెళ్ళి వయసు కూడా దాటిపోయింది. రెండు పూటలా హోటల్లో తింటాడు. గోడకు ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుని తింటాడు, ఎవరూ పలకరించకుండా ఉంటారని. మనుషులతో మాట తక్కువ గానీ బండ్లతో మాత్రం గంటలు గంటలు మాట్లాడతాడు. తిడతాడు, బతిమాలతాడు, అలుగుతాడు.

పనిలో ఘటికుడే. అందులో సందేహం లేదు. "నా బల్బుకు చిక్కని కరెంటు లేదప్పా" అంటుంటాడు. గొప్పలు చెప్పుకుంటే చెప్పుకున్నాడు, చాలావరకు నిజమే.

అలాంటివాణ్ణి ఈ వ్యాను ఏడిపిస్తోంది.

వ్యాను కోనాపల్లె మద్దిలేటిది. కూరగాయలు తోలుకుని అమ్ముకునే మనిషి. ఆయన భార్య ఈరమ్మ జ్వరంతో పోయి కొన్నేళ్ళయింది. పిల్లల్లేరు. నలుగురూ చెప్పగా చెప్పగా ఈ మధ్యే సుంకులమ్మను చేసుకున్నాడు. ఆమెకూ మొగుడు పోయి చాన్నాళ్ళయింది. అన్న ఇంట్లో, వదిన చేతికింద బతుకుతూ వచ్చింది. ఇద్దరికీ తలలు నెరుస్తున్నాయి. గుళ్ళో దండలు మార్చుకుని, వ్యానులో పక్కపక్కన కూర్చుని, సిగ్గుపడుతూ ఊరికి బయల్దేరారు.

కోనాపల్లె ముందర, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ దగ్గర బండి ఆగిపోయింది.

పెళ్ళికూతురు దిగింది. కొత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వెనక నుంచి నెట్టింది. బండి స్టార్టయింది.

పాత బండి, పోనీలే అనుకున్నారు. కానీ ఆ తర్వాత కూడా అదే వరస. మద్దిలేటి ఒక్కడే పోతే సంతకు పోయి వస్తుంది, నంద్యాలకు పోయి వస్తుంది. సుంకులమ్మ పక్కన కూర్చుంటే చాలు, ఎక్కడో ఒకచోట నిలబడిపోతుంది. ఆమె దిగుతుంది, నెడుతుంది, స్టార్టవుతుంది. మళ్ళీ ఎక్కుతుంది, మళ్ళీ ఆగుతుంది.

ఊరికి ఇంతకంటే ఏం కావాలి? ఆ రకం వ్యాన్లకు ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. సీటు ఎత్తితే ఇంజను. టీ బంకు దగ్గర ఎవడో మొదలుపెట్టాడు: "ఈరమ్మ సీటు కింద కూర్చుందప్పా! సవతిని తన సీట్లో కూర్చోనిస్తాదా?" నవ్వులే నవ్వులు. ఆ రోజు నుంచి వ్యాను కనబడితే చాలు, "యాడ దించింది ఈరమ్మ?" అని పలకరింపు.

మద్దిలేటి బండి తెచ్చి ఓబులేసుకు అప్పజెప్పాడు. ఓబులేసు సీటెత్తాడు, బల్బు పెట్టాడు. ఏ వైరు ముట్టుకున్నా బల్బు చక్కగా వెలిగింది. నెడితే స్టార్టవుతుందంటే బ్యాటరీ పట్టు లేదేమోనని టెర్మినల్స్ మార్చాడు. పంపించాడు. మళ్ళీ వచ్చింది. కాయిల్ మార్చాడు. మళ్ళీ వచ్చింది. ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, స్విచ్చు. మార్చిన ప్రతిసారీ తనే నడిపి చూశాడు. దివ్యంగా నడిచింది. అప్పజెప్పాడు. మళ్ళీ వచ్చింది.

ఒకసారి సుంకులమ్మ కూడా వెంట వచ్చింది. షెడ్డు బయట ఎండలోనే చాలాసేపు నిలబడి, మద్దిలేటి అటు పోయినప్పుడు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"నాయనా, ఒక మాట చెప్తా. నవ్వవు కదా?"

"చెప్పు వదినా."

"నేను కూర్చుంటేనే ఆగుతాది. దిగితే నడుస్తాది."

ఓబులేసు నవ్వాడు. పకపకా నవ్వాడు. "బండికేం తెలుసు వదినా, ఎవరు కూర్చున్నారో! ఊరోళ్ళ మాటలు నువ్వూ నమ్ముతాండావా?"

ఆమె నవ్వలేదు. తల వంచుకుని మళ్ళీ ఎండలోకి పోయి నిలబడింది.

ఇక మొన్నటి సంతరోజు. బజారు నడిమధ్యలో, కూరగాయల గంపల మధ్య, ఊరంతా చూస్తుండగా బండి ఆగింది. ఎవడో కేక వేశాడు: "ఏమమ్మా, మొదటామె దిగమంటాందా?" సుంకులమ్మ దిగింది. ఈసారి నెట్టలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కోనాపల్లె దాకా నడిచిపోయింది.

నిన్న పొద్దుగూకే వేళ మద్దిలేటి వ్యాను తెచ్చి షెడ్డు ముందు పెట్టి, తాళం చెవి ఇస్తూ ఇస్తూ కూలబడ్డాడు.

"గుడ్డలు మూట గట్టింది ఓబులేసూ. రేపు సాయంత్రం బస్సుకు వాళ్ళన్న ఊరికి పోతాంది. నేనేం చెప్పినా వినదు. తను ఈ ఇంటికి రావడం ఈరమ్మ తల్లికి ఇష్టం లేదంటాంది. ఒంటిగా వండుకుని తిని తిని నాకు అన్నం మీద ప్రేమే చచ్చిపోయిండేది. ఈయమ్మ వచ్చినాకే మళ్ళా ఆకలంటే ఏందో తెలిసింది. బండి సంగతి వదిలెయ్యప్పా, నా కాపురం నిలబెట్టు."

అంత పెద్ద మనిషి కళ్ళు తుడుచుకుంటుంటే ఓబులేసుకు ఎటు చూడాలో తెలియలేదు. ఆ పూట హోటల్లో అన్నం సయించలేదు.

అందుకే పొద్దున్నుంచీ ఈ మొక్కులు. ఘాటు దాకా ఒకసారి, సిద్ధాపురం చెరువు దాకా ఒకసారి, ఊరి చుట్టూ ఎన్నిసార్లో లెక్కలేదు. బండి ఆగలేదు. సూర్యుడు నెత్తి మీద నుంచి పడమటికి వాలాడు. సాయంత్రం బస్సు ఉంది.

ఓబులేసు వ్యానును రోడ్డు పక్కన ఆపి, తలను స్టీరింగుకు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు. అడగడానికి ఒక్క మనిషే ఉన్నాడు. ఆ మనిషి దగ్గరికి పోవాలంటే కాళ్ళు రావడం లేదు.

ఆ మనిషి దస్తగిరి ఉస్తాద్.

ఓబులేసుకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పింది ఆయనే. దస్తగిరి కొట్లో ఒక పద్ధతి ఉండేది. బండి బాగయ్యాక ట్రయల్‌కు ఇద్దరు పోవాలి. ఒకరు నడపాలి, ఒకరు పక్కన కూర్చోవాలి. శిష్యుడు నడిపితే ఉస్తాద్ పక్కన, ఉస్తాద్ నడిపితే శిష్యుడు పక్కన. చేతిలో టీ గ్లాసుంటే కింద పెట్టి మరీ ఎక్కేవాడాయన. ఊరు దాటి చాలా దూరం పోయేవాళ్ళు. దారిలో ఆయన ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చునేవాడు.

ఓబులేసుకు పని బాగా వచ్చాక అదంతా వృథా తిరుగుడు అనిపించింది. ఒక రోజు బేరగాళ్ళ ముందు అనేశాడు కూడా: "మా ఉస్తాద్‌కు షికారు మోజు. పని గోరంత, తిరుగుడు కొండంత." అందరూ నవ్వారు. ఉస్తాద్ కూడా నవ్వాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే బైపాసులో సొంత షెడ్డు. తగాదా ఏమీ పడలేదు. మొదట పని ఎక్కువై పోలేదు. తర్వాత ఇన్నాళ్ళూ పోలేదే అన్న సిగ్గుతో పోలేదు. ఉస్తాద్‌కు చూపు తగ్గి కొట్టు మూసేశాడని విన్నప్పుడు కూడా, రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ ఉండిపోయాడు. అట్లా పోకుండా ఉండటం ఎంత తేలికో చెప్పొద్దూ! ఏ పనీ చెయ్యనక్కర్లేదు.

వ్యాను దర్గా సందులోకి తిరిగింది.

ఉస్తాద్ ఇంటి అరుగు మీద కూర్చుని దిండులో దూది కూరుతున్నాడు. వాళ్ళ తాతలనాటి పని. కళ్ళు సరిగా కనబడకపోయినా చేతులకు తెలిసిన పని. గడ్డం పూర్తిగా తెల్లబడింది. ఇంట్లో వేరే అలికిడి లేదు.

"ఎవరూ?"

"నేను, ఉస్తాద్."

"నేనంటే?"

ఓబులేసుకు గొంతు పెగల్లేదు. "ఓబులేసును."

ఉస్తాద్ చెయ్యి దూదిలోనే ఆగింది. తల ఎత్తకుండానే అన్నాడు: "సెల్ఫు కొట్టినా లేస్తలేదే నీ గొంతు. బ్యాటరీ దిగిందా?"

కోపం లేదు ఆ మాటలో. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఓబులేసుకు. అరుగు కింద గొంతుక్కూర్చుని, గడగడా మొదలుపెట్టాడు. టెర్మినల్స్ సంగతి, కాయిల్ సంగతి, ప్లగ్గుల సంగతి, స్విచ్చు సంగతి. ఏది ఎట్లా విప్పాడో, ఏది ఎందుకు మార్చాడో. ఉస్తాద్ దూది కూరుతూ అంతా విన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది ఉస్తాద్."

"నువ్వు మార్చినవన్నీ చెప్పినావు. ఆ బండోళ్ళు ఏం చెప్పినారు?"

"వాళ్ళేం చెప్తారు? ఆయన, ఆగిపోతాది బాగుచెయ్యి అంటాడు. ఆయమ్మ, నేను కూర్చుంటేనే ఆగుతాది, దిగితే నడుస్తాది అంటాది. ఊళ్ళో ఎగతాళి మాటలు నెత్తికెక్కినాయి పాపం."

ఉస్తాద్ దిండును పక్కన పెట్టాడు. మీసాలకు అంటిన దూది దులుపుకున్నాడు.

"నా చెప్పులు యాడున్నాయో చూడు."

"ఎండ మండిపోతాంది ఉస్తాద్. మీరు చెప్తే చాలు, నేను..."

"చెప్పులు చూడమన్నా."

ఓబులేసు చెప్పులు వెతికి కాళ్ళ దగ్గర పెట్టాడు. చెయ్యి పట్టుకుని వ్యాను దాకా నడిపించి, వెనక సీటు వెడల్పుగా ఉంటుంది కదా అని వెనక తలుపు జరిపాడు. ఉస్తాద్ తడుముకుంటూ ముందుకు పోయాడు. ఎడమ పక్క తలుపు తీసుకుని, సీటు మీదున్న టెస్టరు బల్బు తీసి ఓబులేసు చేతిలో పెట్టి, ఎక్కి కూర్చున్నాడు. స్థిమితంగా, వీపు ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"పోనీ."

బండి కదిలింది. బజారు దాటింది, కోనాపల్లె రోడ్డెక్కింది. ఉస్తాద్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చేలు ఆయనకిప్పుడు పచ్చగా మసకగా కనబడుతూ ఉంటాయి, అంతే. ఓబులేసు ఓరగా చూశాడు. పక్కన ఒక మనిషి ఊపిరి వినబడుతుంటే బండి నడిపి ఎన్నాళ్ళయిందో! ఏదైనా మాట్లాడాలనిపించింది. ఏం మాట్లాడాలో తోచలేదు. ఏడుపొచ్చేలా ఉంది, అది మాత్రం తెలుస్తోంది.

మోరీ ముందర గుంతలు. ముందు చక్రం ఒక గుంతలో పడి లేచింది. ఉస్తాద్ సీట్లో ఎగిరి దబ్బున కూర్చున్నాడు.

స్టీరింగు ముందు వెలగాల్సిన లైట్లు కూడా వెలగకుండానే ఇంజను చచ్చిపోయింది. బండి కాస్త దూరం దొర్లి నిలబడింది. ఓబులేసు హారన్ నొక్కాడు. మోగలేదు. తాళం తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు.

"ఆగింది ఉస్తాద్!" లాటరీ తగిలినవాడిలా అరిచాడు. "ఆగింది! చచ్చినా ఆగనిది ఆగింది!"

ఒక్క దూకు దూకి, చుట్టూ తిరిగి ఎడమ పక్క తలుపు లాగాడు. "దిగండి ఉస్తాద్, దిగండి. సీటెత్తి చూస్తా."

"నేను దిగను."

"దిగకపోతే సీటు ఎట్ల లేస్తాది?"

"లేపొద్దు."

"మరి ఎట్ల చూసేది?"

ఉస్తాద్ ఒళ్ళో చేతులు తియ్యలేదు.

"మనిషిని దించకుండా చూడు."

రోడ్డు మీద ఎండ చురచురమంటోంది. ఆ ముసలాయన దిగేలా లేడు. చేసేదేముంది? వీపు కాలుతున్నా లెక్కచెయ్యకుండా, తారు రోడ్డు మీద మోకాళ్ళూని, సీటుకీ కింది రేకుకీ మధ్య సందులోంచి చెయ్యి దూర్చాడు. చెంప ఉస్తాద్ మోకాలికి తగులుతోంది.

బ్యాటరీ నుంచి స్విచ్చుకు పోయే లావు వైరు దొరికింది. బ్యాటరీ వైపు బల్బు పెట్టాడు. వెలిగింది. చెయ్యి ముందుకు జరిపి స్విచ్చు వైపు పెట్టాడు. వెలగలేదు.

ఎన్నిసార్లు పెట్టాడు ఈ వైరుకు బల్బు! ప్రతిసారీ వెలిగింది. ప్రతిసారీ సీటు పైకెత్తి ఉంది.

వెలిగిన చోటు నుంచి వెలగని చోటు దాకా వేలితో తడుముకుంటూ పోయాడు. మధ్యలో వేలు ఆగిపోయింది. వైరు మీద సీటు ఇనుపకాలు కూర్చుని ఉంది. పై తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి పోగులు మాత్రం మెత్తగా నలిగి ఉన్నట్టు తెలుస్తోంది.

"ఉస్తాద్, కొంచెం లేవండి. కొంచెమే."

ఉస్తాద్ పైనున్న పిడి పట్టుకుని కాస్త లేచాడు. బల్బు వెలిగింది.

"కూర్చోండి."

ఆరిపోయింది.

"లేవండి."

వెలిగింది.

"కూర్చోండి."

ఆరిపోయింది.

"ఇంక చాలురా, నడుము పడిపోతాది," అన్నాడు ఉస్తాద్.

ఓబులేసు చెయ్యి బయటికి తియ్యలేదు. అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. ఈరమ్మ పోయాక మద్దిలేటి ఆ సీటు పీకించి అటక మీద పెట్టాడు. ఆ జాగాలో టమోటా ట్రేలు పెట్టుకునేవాడు. పెళ్ళి ముందురోజు సీటు దులిపి తెచ్చి, సిగ్గుపడుతూ, "ఆయమ్మ కూర్చుంటాది, గట్టిగా బిగించప్పా" అన్నాడు. షెడ్డులో పని ఒత్తిడిగా ఉంది. బోల్టులు బిగించడం, ఖాళీ సీటు పక్కన పెట్టుకుని ఒక చుట్టు తిప్పడం, తాళం చెవి ఇచ్చెయ్యడం, ఓబులేసు చేసింది అంతే.

"ఈ సీటు బిగించింది ఎవరు?" అన్నాడు ఉస్తాద్.

ఓబులేసు చెయ్యి బయటికి లాక్కుని స్పానరు వెతకసాగాడు.

ఉస్తాద్ మళ్ళీ అడగలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "ఎండెక్కువుంది. తొందరగా కానీ."

అప్పుడు దిగాడు ఆయన. ఓబులేసు బోల్టులు విప్పాడు, నలిగిన ముక్క కోసేసి కొత్త ముక్క అతికాడు, టేపు చుట్టాడు, వైరును ఇనుపకాలికి అందకుండా పక్కనుంచి తిప్పి కట్టాడు. ఎంతసేపు పట్టింది గనక! ఒక టీ తాగినంత సేపు. సీటు బిగించాక ముందు తనే ఎక్కి, ఎగిరెగిరి కూర్చుని చూశాడు. ఆ సీట్లో ఓబులేసు కూర్చోవడం అదే మొదటిసారి.

"వెనక్కి తిప్పమంటారా ఉస్తాద్?"

"బండి ఎవరిది?"

"మద్దిలేటిది."

"మరి ఆడికే పోనీ."

కోనాపల్లెలో మద్దిలేటి ఇల్లు టీ బంకు ఎదురుగానే. అరుగు మీద సుంకులమ్మ కూర్చుని ఉంది, పక్కన గుడ్డల మూట. మద్దిలేటి గడప మీద కూర్చుని వంకాయలకు ముచ్చికలు తుంచుతున్నాడు. ఎవరూ తుంచమని అడగలేదు, చేతులు ఊరికే ఉండలేక. ఇద్దరి మధ్యా మాటల్లేవు. బంకు దగ్గర నలుగురు బస్సు కోసం కాదు గానీ, బస్సెక్కే మనిషిని చూడటం కోసం చేరి ఉన్నారు.

వ్యాను ఆగింది. ఓబులేసు దిగాడు.

"ఎక్కు వదినా. ఒక చుట్టు తిరిగొద్దాం."

"వద్దు నాయనా," అంది సుంకులమ్మ. "నవ్వులపాలైంది చాలు. నేనెక్కితే ఆగుతాది. మీరంతా బాగుండండి."

"బండి బాగయింది వదినా."

"శానాసార్లు బాగయింది కదా!"

బంకు దగ్గర్నుంచి ఒక గొంతు లేచింది. "ఏమప్పా ఓబులేసూ, ఈరమ్మను దించినావా?"

గుప్పున నవ్వారు. సుంకులమ్మ మూట ఒళ్ళోకి లాక్కుంది.

ఓబులేసు ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన ఏ సాయమూ చెయ్యలేదు. కనబడని కళ్ళతో వీధి చివరకు చూస్తూ కూర్చున్నాడు. బాగయిందని చెప్పి, తాళం ఇచ్చి పోవచ్చు. పదిమంది నోళ్ళలో పడితే షెడ్డు మాటేమిటి? బోర్డు మాటేమిటి?

కానీ ఆమె మూట ముడిని ఇంకా గట్టిగా బిగిస్తోంది. అది చూశాక ఇంక ఆగలేకపోయాడు. బంకు వైపు తిరిగాడు.

"ఈరమ్మ తప్పు లేదప్పా ఇందులో. ఈ వదిన తప్పు కూడా లేదు. పెండ్లికి ముందు ఈ సీటు బిగించింది నేను. వైరు మీద ఇనుపకాలు పెట్టి బిగించినా. మనిషి కూర్చుంటే వైరు నలిగి కరెంటు పోతాది, లేస్తే వస్తాది. ఎవరు కూర్చున్నా ఆగుతాది. మా ఉస్తాద్ కూర్చున్నా ఆగింది. నేను ఒక్కసారి ఆ సీట్లో కూర్చుని చూసింటే అయిపోయేది." ఊపిరి తీసుకున్నాడు. "ఈయమ్మ నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను నవ్వినా."

బంకు దగ్గర ఎవరూ నవ్వలేదు. ఒకడు గ్లాసు కింద పెట్టాడు.

మద్దిలేటి చేతిలో వంకాయ అలాగే ఉంది. తిడతాడేమో, కొడతాడేమో, దేనికైనా ఓబులేసు సిద్ధంగానే నిలబడ్డాడు. మద్దిలేటి అతని వైపు చూడనే లేదు. భార్య వైపు చూస్తున్నాడు.

"సుంకులూ," అన్నాడు. "ఎక్కుదువు రా."

ఉస్తాద్ దిగి వెనక సీటుకు మారాడు. ఓబులేసు ఆయన పక్కన. మద్దిలేటి స్టీరింగు ముందు. సుంకులమ్మ మెల్లగా ఎక్కి, సీటు అంచున కూర్చుంది. కాళ్ళు బిగబట్టి, తన బరువు తనే మోస్తున్నట్టు. తలుపు పిడి మీద చెయ్యి. దిగమంటే దిగడానికి తయారుగా.

ఓబులేసు వెనక నుంచి ముందుకు వంగాడు.

"బాగా కూర్చో వదినా," అన్నాడు. "వెనక్కి జరిగి, బరువంతా పెట్టి కూర్చో."

ఆమె కొంచెం జరిగింది. ఇంకొంచెం జరిగింది. చివరికి వీపు ఆనించింది.

బండి కదిలింది. మోరీ వచ్చింది. గుంతలో పడింది, లేచింది, మోరీ దాటింది. ఇంజను తన పాట తను పాడుకుంటూ పోతోంది. సుంకులమ్మ చెయ్యి పిడి మీదే ఉంది. మామిడితోట దాటింది. ఇటుక బట్టీలు దాటింది. ఎదురుగా బస్సు వచ్చింది, ఆమె ఎక్కాల్సిన బస్సు, హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. అప్పుడు పిడి వదిలింది ఆమె. వదిలి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. మద్దిలేటి కూడా ముక్కు చీదుకున్నాడు. పాపం, ఒక చెయ్యి స్టీరింగు మీద ఉండాలాయె.

"యాడికి పోదాం?" అన్నాడు.

"పోనీ," అంది సుంకులమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటూ. "ఇంకొంచెం దూరం పోనీ."

ఇంకొంచెం దూరం పోయారు. ఇంకొంచెం దూరం పోయారు. ముందు సీట్లలో రెండు నెరిసిన తలలు, మధ్యలో రోడ్డు. ఉస్తాద్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పొద్దుగూకే వేళకు దర్గా సందు మొగలో వ్యాను ఆగింది. ఓబులేసు ఉస్తాద్ చెయ్యి పట్టుకుని దించి, తనూ దిగాడు.

"షెడ్డు ముందర దించుతా ఉండప్పా," అన్నాడు మద్దిలేటి.

"నేనూ ఈడనే దిగుతా అన్నా."

వ్యాను పోయింది. ఇద్దరూ సందులో నడిచారు. దిండు అరుగు మీద వదిలేసినట్టే ఉంది, సగం నిండి. ఉస్తాద్ తలుపు గొళ్ళెం తడుముకుంటుంటే ఓబులేసు తీసి పెట్టాడు. లోపల ఒక మంచం, ఒక కుండ, ఒక పళ్ళెం.

"ఉస్తాద్," అన్నాడు ఓబులేసు. "ట్రయల్‌కు ఇద్దరు పోవాలని మీరు చెప్తాండింది ఇందుకేనా?"

ఉస్తాద్ చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టాడు.

"అదేం లేదురా. ఒక్కణ్ణే పోవాలంటే నాకు దిగులు."

ఓబులేసు తన చెప్పులు విప్పి, ఆ చెప్పుల పక్కన పెట్టి, లోపలికి పోయాడు.